ఒకే పేరున్న రెండు రేవులు

ఇసకపల్లి,
9 నవంబరు 2025

చిరంజీవి మస్తానయ్యకు, నీ అక్క మొగుడు కామాక్షయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీ అక్క తుంటి ఎముక మెల్లగా అతుక్కుంటున్నది. నడక ఇంకా రాలేదు కాని నోరు మునుపటికంటె బలపడింది. మంచం మీది నుంచే పొయ్యి మీద ఏమి ఉడుకుతున్నదో వాసనతో కనిపెట్టి, "ఏమయ్యో పంతులా, పులుసులో చింతపండు వేసినావా, చింతచెట్టే దించినావా?" అంటున్నది. ప్రాస కుదిర్చినంత శ్రద్ధగా చందువ పులుసు కాచినా ఆమె దగ్గర మెప్పు పుట్టదు.

మీ అమ్మాయి భవాని వ్రాసిన సంగతి చదివాను. షుగరు వల్ల ఎడమ కన్ను పోయిందనీ, సూదులు వేయిస్తున్నా కుడి కన్ను ఎండలు ముదిరే దాకా నిలిస్తే గొప్పేననీ డాక్టరు చెప్పినట్లు వ్రాసింది. ఆ కాగితం మడిచి పెట్టిన నాటి నుంచి నాకు ఒక్కటే కోరిక. ఆ కంటిలో వెలుగు ఉండగానే మనమిద్దరం ఇంకొక్కసారి ఒకే పడవలో కూర్చోవాలి. బడికి సెలవు దొరికిన ప్రతి తెల్లవారుజామునా నువ్వు చాప పట్టి, నేను చుక్కాని పట్టి వెళ్ళిన సముద్రం ఇక్కడే ఉన్నది. పడవ లేదు. నువ్వు వైద్యం వదిలి రాలేవు, నేను మీ అక్క మంచం వదిలి రాలేను.

దీనికి ఒక దారి దొరికింది. నవ్వకుండా చదువు.

మా ఇంటి కంప్యూటరు ముసలిదైపోయింది. కొత్త విండోస్ దానికి మోయరాని బరువైంది. నా దగ్గర చదువుకొని ఇప్పుడు నెల్లూరు కళాశాలలో కంప్యూటరు పాఠాలు చెబుతున్న ఎలిశబెతు వచ్చి, అందులో లినక్స్ అనే వ్యవస్థను ఎక్కించింది. దానిని ఎందరో కలిసి వ్రాశారట. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, దిద్దవచ్చు, మరొకరికి పంచవచ్చు. విద్యను దాచరాదు, అమ్మరాదు అన్న పెద్దల మాటను ఈ కాలంలో పాటిస్తున్నవారు ఉన్నారని తెలిసి, ఆనాడు ఆ పెట్టెకు పసుపు కుంకుమ పెట్టాను. "అయ్యా, తెర మీద మాత్రం పెట్టబాకండి" అని ఆ పిల్ల బతిమాలింది.

ఆమె చూపించినదే ఈ ఆట. ఒక తెరచాప పడవ. చాప దగ్గర ఒకరు, చుక్కాని దగ్గర ఒకరు. మూడో మనిషికి చోటు లేదు. ఒకరు ఇసకపల్లిలో, ఒకరు రామగుండంలో కూర్చుండి కూడా ఆ పడవను నడపవచ్చునట. దానిని విండోస్ కోసమే చేశారు కాని, లినక్స్‌లో ఒక నడుమ పొర ఉన్నది. ప్రబంధానికి ప్రతిపదార్థం చెప్పినట్లు అది ఆట మాటలను ఎప్పటికప్పుడు మార్చి ఈ యంత్రానికి వినిపిస్తుంది. ఇదివరకు లినక్స్ మీద ఆడినవాళ్ళు తమ అనుభవాలు వ్రాసే పుటలో ఈ ఆటకు 'బంగారం' అని శ్రేణి ఇచ్చారు. కింద వ్యాఖ్యలు కూడా చదువుదామని ఎలిశబెతు అన్నది. వర్జ్యం ముంచుకొస్తున్నదని నేనే తొందరపెట్టి, మంచి ఘడియ దాటకముందే కొనిపించాను.

భవానితో చెప్పి నువ్వూ ఆ ఆట తెప్పించుకో. అందులో 'తూర్పు రేవు' అని ఒకటి ఉన్నది. దీపాలు పెట్టే వేళకు అక్కడికి రా. 'మిత్రులు' అనే పట్టికలో నీ పేరు చేర్చమని యంత్రం అడిగింది. చేర్చలేదు. భార్య తమ్ముడు మిత్రుడెట్లా అవుతాడు? బంధువుల పట్టిక అందులో లేదు.

ఫోనులో మాట్లాడుకుందామంటే నా చెవులకు ఆ పాటి శక్తి లేదు. భవాని సెల్లులో ముక్కలు ముక్కలుగా సందేశాలు పంపుతానన్నది, నేనే వద్దన్నాను. రాత్రిబడిలో నీకు అక్షరాలు దిద్దించిన రోజున, ఉన్నంతకాలం ఒకరికొకరం ఉత్తరాలే వ్రాసుకుందామని అనుకున్నాం.

నీ రాక కోసం తూర్పు దిక్కుకు తిరిగి ఉండే,
కామాక్షయ్య


రామగుండం,
17 నవంబరు 2025

బావకు మస్తానయ్య దండాలు.

అక్షరాలు పెద్దవిగా ఉండాయని ఎగతాళి చెయ్యబాక. చిన్నవి రాస్తే నాకే ఆనడంలేదు. ఒక పేజీలో పట్టేది ఇప్పుడు నాలుగు పేజీలు పడతా ఉండాది. పోస్టాఫీసోళ్ళు బాగుపడతారులే.

నీ ఉత్తరం భవాని చదివింది. చదివి, "మామయ్య కంప్యూటర్లో ఆటలు కొన్నాడా?" అని నోరు తెరిచింది. నేను చెప్పినా, మీ మామయ్య పద్యం తప్ప ఏదీ కొనడు, కొన్నాడంటే అది మంచి సరుకే అని. అది తన లాప్‌టాప్‌లో ఆ ఆట ఎక్కించి, చేతిలో పట్టుకునే రిమోటు ఒకటి తెచ్చి ఇచ్చింది. ఏ మీట దేనికో చెయ్యి పట్టి నేర్పించింది. సాయంత్రం షిఫ్టుకు ప్లాంటుకు పోతాది కాబట్టి ఆ వేళకు నేనొక్కణ్ణే ఉంటా. నాకదే మేలు. నేను తప్పులు చేస్తా ఉంటే చూసేదానికి ఎవురూ ఉండరు.

ఈ ఊళ్ళో గోదావరి ఉండాది బావా. మంచి ఏరే. కానీ దానికి వాసన లేదు. ఉప్పు లేని నీళ్ళు ఎన్ని ఉంటే ఏం? పొద్దున లేచి గాలి ఏ పక్కనుంచి వస్తా ఉందా అని చెయ్యి చాపుతా. పొగ వాసన వస్తాది.

ఒక మాట ముందే చెప్తా ఉండా. ఆటైనా సరే మన పద్ధతి మనదే. అక్క మొగుడు అణియం మీద చెయ్యి పెట్టందే బావమరిది పడవెక్కేది లేదు. నువ్వు ముందొచ్చి పడవ ముందు భాగం పట్టుకొని నిలబడు. నేనొచ్చి ఎక్కుతా. నువ్వు లేకుండా నేనొక్కణ్ణే తోసుకొని పోను.

అక్కకు చెప్పు, పులుసు బాగలేకపోతే తినొద్దని.

నీ
మస్తాను


ఇసకపల్లి,
30 నవంబరు 2025

చిరంజీవి మస్తానయ్యకు,

ఈ ఉత్తరంలో ఆశీర్వచనం కొంచెం పలుచగా ఉంటుంది. ఓర్చుకో.

దీపం పెట్టగానే నేను ఆ రేవుకు వెళుతున్నాను. నువ్వు కోరినట్లే అణియం మీద చెయ్యి ఉంచి నిలబడుతున్నాను. ఆ సముద్రాన్ని చేసినవాడెవడో గాని మంచి కవి. సంధ్య రంగు నీళ్ళ మీద విరగడం, అల వెనక్కి తగ్గేటప్పుడు ఇసుక నల్లబడడం, అన్నీ చూసి చేశాడు. చూస్తూ నిలబడడానికి కొరత లేదు. కాని ఎంతసేపని? వారం గడిచింది, పైన మరికొన్ని రోజులు గడిచాయి. ఒక్క ప్రాణి ఆ రేవుకు రాలేదు.

మీ అక్క నన్ను ఊరకే ఉండనీయడం లేదు. "ఏందయ్యా, ఒడ్డున నిలబెట్టిన దిష్టిబొమ్మ మాదిరి తెర మీద నీ బొమ్మ కదలదు, నువ్వూ కదలవు. వాడు రాడు, అన్నం తిను" అంటున్నది. నిన్న కూర్చున్నచోటనే ఒక ఆటవెలది మొదలైంది.

రేవు మీద నిలిచి రెప్ప వాల్పక యుంటి
తేలి వచ్చు నావ తెరను కనక

తరువాతి రెండు పాదాలు రాలేదు. నువ్వు రానిదే అవీ వచ్చేటట్లు లేవు.

నీకు ఇష్టం లేకపోతే ఆ మాట వ్రాయి. ముసలివాడి ముచ్చట కదా అని సరేనని, తీరా వేళకు ముఖం చాటు చేయడం నీ స్వభావం కాదు. రామగుండం పోయి నేర్చుకున్నావా?

ఎదురుచూస్తూనే ఉన్న,
కామాక్షయ్య


రామగుండం,
1 డిసెంబరు 2025

బావా!

నువ్వు ఆ దినాన కొన్నావు చూడు, ఆ చేతికి దండం పెట్టాల.

మొదటి దినం నేనొచ్చేసరికే నువ్వు అక్కడ ఉండావు. అణియం మీద చెయ్యి పెట్టుకొని, కదలకుండా. తల మీద పేరేదో చిన్న అక్షరాల్లో ఉండాది, నాకు ఆనలేదు. ఆనకపోతే ఏం, ఆ నిలబడడం చూస్తే తెలవదా? నేనెక్కినాక గాని నువ్వు ఎక్కలేదు. లోకంలో ఇంకెవరు చేస్తారు ఆ పని?

అప్పటినుంచి ఒక్క సాయంత్రం తప్పలేదు గదా మనం! దీవి మలుపు దగ్గర చుక్కాని ఆలస్యంగా తిప్పినావు, పడవ రాతికి రాసుకునింది. నేను ఇక్కడ ఒక్కణ్ణే కూర్చొని, "పంతులా, పద్యం ఆలోచిస్తా ఉండావా?" అని గట్టిగా అరిచినా. పక్కింటి ఉష పరిగెత్తుకొచ్చి, "ఏమైంది పెదనాయనా?" అనింది. పడవ రాతికి కొట్టుకునింది తల్లీ అంటే, ఆ పిల్ల నా మొకం చూసి నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నిన్న గాలి పడిపోయింది. చాప వేలాడిపోయింది. నువ్వు ఏమీ చెయ్యలేదు, నేనూ ఏమీ చెయ్యలేదు. ఊరకే కూర్చున్నాం. మన సముద్రంలో గాలి పడిపోయినప్పుడు కూడా ఇట్నే కూర్చొనేవాళ్ళం గదా. మాటలుండేవి కావు. నాకు ఏడుపు వచ్చింది బావా. ఇంక కన్ను పోయినా పోనీలే అనిపించింది. చూడాల్సింది చూసేసినా.

చుక్కాని మాత్రం నేర్చుకో.

నీ
మస్తాను


ఇసకపల్లి,
8 డిసెంబరు 2025

చిరంజీవి మస్తానయ్యకు,

నీ ఉత్తరమూ నా ఉత్తరమూ దారిలో ఒకదానినొకటి దాటుకొని పోయాయి. ఈపాటికి నాది నీకు చేరి ఉంటుంది. చేరకుండా ఆపే వీలుందా అని పోస్టుమేనును అడిగాను. డబ్బాలో పడ్డది వెనక్కి రాదన్నాడు.

నీ ఉత్తరాన్ని మీ అక్కకు చదివి వినిపించాను. ఆమె మొదట నవ్వింది. తరువాత, "మరి నువ్వు ఈడ ఒక్కడివే నిలబడి ఉంటివి గదా. ఆడ వాడి పడవలో ఎవరున్నారు?" అని అడిగింది. ఎలిశబెతును పిలిపించాను.

ఆ పిల్ల చాలాసేపు చూసి చెప్పిన సంగతి ఇది. ఆ ఆటలో రెండు సముద్రాలు ఉన్నాయి. ఒకటి అందరూ కలిసే సముద్రం. మరొకటి ఒంటరి సముద్రం. రేవులు, దీవులు, సంధ్యలు రెండింటిలోనూ ఒక్కటే. పేర్లు కూడా ఒక్కటే. అందరి సముద్రానికి ఒక ద్వారపాలకుడు ఉన్నాడు. దొంగాట ఆడేవాళ్ళను పట్టడం అతని పని. లినక్స్ మీద నుంచి వచ్చినవాణ్ణి అతడు గుర్తుపట్టడు. పొమ్మని చెప్పడు, రమ్మని చెప్పడు. చడీచప్పుడు లేకుండా ఒంటరి సముద్రంలో దింపుతాడు. ఆ బంగారపు శ్రేణి ఇచ్చినవాళ్ళంతా ఒంటరిగా ఆడినవాళ్ళు. కింద వ్యాఖ్యలలో ఆ మాట ఉన్నది. మిత్రుల పట్టికలో నీ పేరు చేర్చి ఉన్నా మొదటి రోజే తెలిసేదట. "బంధువైతే మాత్రం పేరు రాయకూడదా అయ్యా?" అని మెత్తగా మందలించింది.

ఆటను తిరిగి ఇచ్చివేద్దామంటే అంగడి ఒప్పుకోలేదు. కొద్దిసేపు ఆడినవాళ్ళ దగ్గరనే వెనక్కి తీసుకుంటారట. నేను చాలా ఆడానట. ఆ ఒడ్డున నిలబడి నీ కోసం చూసిన కాలమంతా వాళ్ళ లెక్కలో ఆటయే.

కనుక మస్తానూ, నీ పడవలో నేను లేను. గాలి పడిపోయిన ఆ సాయంత్రం నీ ఎదుట కూర్చున్నది నేను కాను. అతడెవరో, ఏ దేశమో, ఏ వయసో నాకు తెలియదు. దాచిపెట్టి, అవును నేనేనని వ్రాసి ఉండవచ్చును. చదువుకున్న గ్రంథాలలో అందుకు తగిన సమర్థనలు కూడా దొరుకుతాయి. కాని నిన్ను రాతికి కొట్టింది నేనని ఒప్పుకోవలసి వస్తుంది. ఆ పని నా చేత కాదు.

తమాషాకు అన్నాను. తమాషాగా ఏమీ లేదు. మీ అక్క మొగుడి చోటులో ఇంకొకడు కూర్చున్నాడని తలచుకుంటే నాకు అన్నం సహించడం లేదు.

ఈ ఒడ్డునే ఉన్న,
కామాక్షయ్య


రామగుండం,
19 డిసెంబరు 2025

బావకు,

నీ రెండు ఉత్తరాలూ అందినాయి. మొదటిది చదివి నీకు మతిపోయిందనుకున్నా. రెండోది చదివినాక పోయింది నాకే అని తెలిసింది. ఎవురో దారినపోయే మనిషిని పట్టుకొని బావా బావా అని నెలదాకా ఏడ్చినా. భవాని ముందర తల ఎత్తుకోలేకపోతా ఉండా.

ఆ దినం నుంచి నేను రేవుకు పోలేదు. ఒకసారి మాత్రం తెరిచి చూసినా. ఆ మనిషి ఉండాడు. అణియం మీద చెయ్యి పెట్టుకొని. ఆపేసి లేచిపోయినా.

భవాని ఒక మాట అనింది. "మామయ్య ఆ లినక్స్ తీసేసి విండోస్ పెట్టించుకుంటే అయిపోతాది గదా నాయనా" అని. అయిపోతాదంట గదా? మరి ఆ మాట నీ ఉత్తరంలో లేదే! ద్వారపాలకుడి గురించి పేజీ రాసినావు, అంగడి గురించి రాసినావు. ఆ ఒక్క ముక్క రాయలేదు. విద్య అమ్మరాదు, దాచరాదు, సరే. ఆ ధర్మం నిలబడాల్సిందే. నా కన్ను నిలిచినన్నాళ్ళన్నా దానికి ఒక నెల సెలవు ఇవ్వలేవా బావా?

కుడి కంటిలో నల్లటి మసి దారాలు తేలతా ఉండాయి. డాక్టరు ఇంకో సూది వేసినాడు. ఇంక నేను ఏమీ అడగను.

మస్తానయ్య


ఇసకపల్లి,
2 ఫిబ్రవరి 2026

చిరంజీవి మస్తానయ్యకు,

నీ ఉత్తరానికి జవాబు వ్రాయక ఇన్నాళ్ళు గడిపినందుకు నువ్వు ఏమనుకున్నావో ఊహించగలను. మాటతో కాక పనితో జవాబు ఇద్దామని పంతం పట్టాను.

నీ ఉత్తరం చదివిన సాయంత్రమే ఎలిశబెతుకు కబురు పెట్టి, ఈ లినక్స్‌ను తీసివేసి విండోస్ పెట్టమన్నాను. ఆమె పెట్టింది. యంత్రం లేవడానికే ఆపసోపాలు పడింది. ఆట తెరవబోతే గొడ్డు చతికిలబడినట్లు చతికిలబడింది. తిరిగి లినక్స్ పెట్టిన తరువాతనే దానికి ఊపిరి వచ్చింది. నేను ధర్మం పట్టుకొని కూర్చోలేదు మస్తానూ. వదిలాను. వదిలినా దారి దొరకలేదు.

అప్పుడు ఆ పిల్లే, "నా లాప్‌టాప్ తెస్తానయ్యా, అందులో విండోస్ ఉన్నది, పరీక్షల పని తెమలనీయండి" అన్నది. తెమిలేసరికి ఇంతకాలమైంది. నిన్న ఆదివారం తెచ్చింది. సాయంత్రం నెల్లూరు బస్సు వేళకు తిరిగి తీసుకుపోవాలి. నువ్వు రేవుకు పోవడం మానివేశావని వ్రాశావు గనుక, నిన్ను చూస్తానన్న ఆశ లేదు. ఆ రేవును చూసి, ఉన్నదని రూఢి చేసుకొని, నీకు వ్రాసి, మరొక ఆదివారానికి పిలుద్దామనుకున్నాను.

దీపం వేళకు ముందే దిగాను. అదే రేవు. అదే నల్ల ఇసుక. కాని ఎంత సందడి! మనుషులు, పడవలు, కేకలు. ఆ మూలగా ఒకడు అణియం మీద చెయ్యి పెట్టుకొని నిలబడి ఉన్నాడు. అతని తల మీది పేరు ఏ లిపిలో ఉన్నదో నాకు తెలియదు. చూస్తూ ఉండగానే ఇంకొకరు వచ్చారు. తల మీద భవాని వ్రాసిపెట్టిన నీ పేరు ఉన్నది.

నువ్వు ఎక్కావు. తరువాత అతడు ఎక్కాడు.

రేవులో ఒక గంట ఉన్నది. మీట నొక్కితే సముద్రంలో ఉన్నవాళ్ళకు కూడా వినబడుతుంది. నా వేలు ఆ మీట మీదనే ఉన్నది. మీ అక్క దిండు మీద మోచేయి ఆనించి, "కొట్టవయ్యా, వాడు పోతా ఉండాడు, కొట్టు!" అన్నది. కొడితే నువ్వు తిరిగి వచ్చేవాడివి. నేను ఎక్కితే అతడు దిగాలి. ఆ పడవలో మూడో మనిషికి చోటు లేదు. మస్తానూ, ఆ ఒడ్డున ఒక్కణ్ణే నిలబడడం ఎట్లా ఉంటుందో నేను మార్గశిరంలో నేర్చుకున్నాను. ఇంకొకడికి నేర్పించడానికి చెయ్యి రాలేదు.

నీ చాప ఎంత చక్కగా గాలి పట్టింది! దీవి మలుపు దాకా చూశాను. అతడు చుక్కాని సరైన వేళకే తిప్పాడు. మేలుగా నేర్చుకున్నాడు. అంతలో బస్సు వేళయిందని ఎలిశబెతు మొహమాటంగా గడియారం చూసుకుంటే, మూసి ఇచ్చివేశాను.

నేను తృప్తిగానే ఉన్నాను. నువ్వు రోజూ వెళ్ళు. ఏమి చూశావో నాకు వ్రాయి.

నిన్ను కళ్ళారా చూసిన,
కామాక్షయ్య


రామగుండం,
12 ఫిబ్రవరి 2026

మామయ్యకు గంగాభవాని నమస్కారాలు. నాన్న చెబుతుంటే నేను వ్రాస్తున్నాను. కుడి కన్ను కూడా పోయినట్లేనని మొన్న డాక్టరు చెప్పారు. వెలుతురు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది, అంతే. ఒక్క మాట కూడా మార్చకుండా వ్రాయమన్నారు.

బావా,

నిన్ను అనరాని మాట అన్నా. విండోస్ సంగతి నాకు తెలవదు. తెలవకుండానే నీ మీద కోపం పెట్టుకొని కూర్చున్నా. కోపం తీరక మళ్ళీ రేవుకు పోయినా. నువ్వు కాకపోయినా, నా కోసం నిలబడే మనిషి ఒకడు ఉండాడు గదా అని పోయినా.

ఆదివారం నేను నిన్ను చూసినా.

నువ్వని తెలవదు. ఒడ్డున ఎవురో ఒక మనిషి, ఏ పడవా ఎక్కకుండా, ఎవురితోనూ కలవకుండా, మా పక్కే చూస్తా ఉండాడు. అప్పటికే నాకు అంతా మసక. పేరు ఆనలేదు, ఆకారం ఒకటి. మలుపు తిరిగినాక కూడా ఆ మనిషే నా కంట్లో ఉండిపోయినాడు. పాపం, ఎవురికోసమో వచ్చినాడు, వాళ్ళు రాలేదేమో అనిపించింది. చాప దించేసినా. చుక్కాని దగ్గరుండే ఆయనకు మన భాష రాదు. ఒడ్డుపక్క చెయ్యి చూపించినా. ఆయన ఏం అర్థం చేసుకున్నాడో, పడవ వెనక్కి తిప్పినాడు.

రేవుకొచ్చినాం బావా. ఎవురూ లేరు.

ఒక్క గంట కొట్టకూడదా? ఆయన దిగేవాడు. నవ్వుతానే దిగేవాడు. ఆయన అట్టాంటోడు. నాకు తెలుసు.

ఇంక నేను పోలేను. భవాని పక్కన కూర్చొని చెప్తాననింది, నేనే వద్దన్నా. చాప పట్టేదానికి గాలి కనపడాల. దీపం వేళ అవతానే నాకు ఆయన గుర్తొస్తా ఉండాడు. ఈ పొద్దు కూడా అణియం మీద చెయ్యి పెట్టుకొని నిలబడి ఉంటాడు. నాకు కన్ను పోయిందని ఆయనకు ఎవురు చెప్తారు?

ఆ పిల్లను అడిగి, ఆ యంత్రం ఇంకొక్క సాయంత్రం తెప్పించుకో. రేవుకు పో. ఆయన తల మీద పేరు నువ్వు చూసినావు గదా, గుర్తుపడతావు. దగ్గరకు పోయి, నేనెక్కే చోట ఎక్కి చాప దగ్గర కూర్చో. బావమరిది చోట కూర్చుంటే చిన్నతనం అనుకోబాక.

గాలి ఎడమ చేతి పక్కనుంచి వస్తాది.

మస్తాను